నాలుగో బల్ల తాళం

సౌదీలో వారానికి తొలి పనిరోజైన ఆదివారం మధ్యాహ్నం, ఖతీఫ్‌లో కాలేజీ గేటు ముందు వ్యాన్ ఆగగానే ఆరుగురు ఆడపిల్లలు బిలబిలా దిగారు. ఏడో పిల్ల సబీనా మాత్రం సీటు అంచుకు జరిగి, వాళ్ళు లోపలికి పోయేదాకా చూసి, మళ్ళీ వెనక్కి జరిగి కూర్చుంది. ఆమె వచ్చింది చదువుకోవడానికి కాదు, వ్యాన్‌కు కాపలాగా.

ఆ యేడు ఆ కాలేజీ వాళ్ళు హైస్కూలు పిల్లలకు ఒక కోర్సు ఉచితంగా పెట్టారు. బడి అయ్యాక మధ్యాహ్నాలు వెళ్ళి ఏసీలు బిగించడం, బాగుచేయడం నేర్చుకోవచ్చు. పదకొండో తరగతిలో అది ఆరో సబ్జెక్టు కింద లెక్కలోకి వస్తుంది. రేపు కాలేజీలో చేరితే అక్కడా ఈ కోర్సు పూర్తిచేసిన క్రెడిట్ అప్పటికే సంపాదించినట్టే. ఒక్క చదువు, రెండు చోట్ల లెక్క. సబీనా చదివే ఇండియన్ స్కూలుకు ఆరు సీట్లు ఇచ్చారు. ప్రిన్సిపాల్ మేడం రెండో ఆలోచన లేకుండా పదో తరగతి మార్కులు ముందేసుకుని పైనుంచి ఆరు పేర్లు రాసేసింది. రాగి గొట్టం అతికించడానికి సోషల్ స్టడీస్ మార్కులు ఎందుకో ఆమెకే తెలియాలి. చేయి పైకెత్తి అడిగిన ఒకే ఒక్క పిల్ల సబీనా. ఆమె పేరు ఆ ఆరింటిలో లేదు.

ఆ ఆరుగురిని కాలేజీకి తీసుకుపోయే వ్యాన్ మాత్రం సబీనా వాళ్ళ నాయనది. ఆడపిల్లలు ఎక్కే బండిలో ఒక ఆడమనిషి ఉండి తీరాలని తల్లుల పట్టు. బడికి తీసుకుపోయేటప్పుడు ఎప్పుడూ వాళ్ళమ్మ మాబున్నీ ముందు సీట్లో కూర్చుని వెళ్ళేది. మొన్న మెట్ల మీద కాలు బెణికి మంచం పట్టింది. అందుకని కోర్సు మొదలైన ఈ వారం ఆ ముందు సీటు సబీనాకు వచ్చింది.

గేటు దగ్గర కాపలా ఆవిడ వ్యాన్ అద్దంలోంచి తొంగి చూసి, ఎండలో ఉడికిపోతున్న పిల్లను చూసి నోరు నొక్కుకుంది. "తఆలీ, తఆలీ" అంటూ చెయ్యి ఊపింది.

"పోమ్మా. పిలుస్తాండాది కదా" అన్నాడు స్టీరింగు దగ్గరున్న నాయన మస్తాన్ వలీ. "ఈ ఎండలో ఎంతసేపు కూచ్చుంటావు. లోపల సల్లగా ఉంటాదిలే."

ఆవిడ సబీనా తొడుక్కున్న నల్ల అబాయా మీద విజిటర్ బిళ్ళ తగిలించి, ఒక పొడవాటి షెడ్డులోకి తీసుకుపోయి, తలుపు పక్కన స్టూలు చూపించింది. అక్కడ కూర్చున్న సబీనాకు ముందు కనబడింది రాగి. చుట్టలు చుట్టలుగా గోడకు వేలాడుతున్న రాగి గొట్టం, కొత్త పెళ్ళికూతురి గాజుల్లా తళతళలాడుతోంది. ఆ తర్వాత బల్లలు, బల్లల మీద పొట్టలు విప్పిన ఏసీలు, ఎర్ర ట్యూబులు, నీలం ట్యూబులు, ముళ్ళున్న గడియారాల్లాంటి మీటర్లు. నాలుగైదు బళ్ళ నుంచి వచ్చిన ముప్పైమంది పిల్లలు అబాయాలు కొక్కేలకు తగిలించి, ఒళ్ళంతా కప్పే నీలం కవరాల్స్ తొడుక్కుని, కళ్ళద్దాలు పెట్టుకుని ఒకేలా నిలబడ్డారు. ఎవరు ఎవరో వాళ్ళమ్మలు కూడా గుర్తుపట్టలేరు.

పాఠం చెప్పే మాసూమా మిస్ ఆ ఊరి ఆవిడే. పొట్టిగా, చురుగ్గా ఉంది. కవరాల్ చేతులు మోచేతుల దాకా మడిచింది, మణికట్టు మీద పాత కాలిన మచ్చ. ఇంగ్లీషు గబగబా మాట్లాడుతుంది, ప్రతి నాలుగు మాటలకూ, కానివ్వండి అన్నట్టు, ఒక "యల్లా" తగిలిస్తుంది. ఆవిడ ఒక గొట్టం ముక్క తీసుకుని, కట్టర్ బిగించి, గొట్టం చుట్టూ తిప్పింది. కొంచెం బిగించడం, ఒక చుట్టు తిప్పడం, మళ్ళీ కొంచెం బిగించడం. టక్కుమని గొట్టం రెండైంది. చివరను కిందికి వంచి, లోపలి రజను గీకేసింది, ఆ రజను గొట్టంలోకి పడకుండా. నట్టు తొడిగింది. తర్వాత గొట్టాన్ని ఇనప పట్టీలో బిగించి, పైనుంచి మరను తిప్పుతుంటే రాగి అంచు మెల్లగా విచ్చుకుని చిన్న గరాటులా అయింది.

నట్టు ముందు, అంచు తర్వాత, అందావిడ. అంచు విచ్చుకున్నాక నట్టు ఎక్కదు. ఎక్కించబోయి, మళ్ళీ కోసి, మళ్ళీ మొదటికి రానివాళ్ళు ఈ పనిలో ఎవరూ లేరట.

స్టూలు మీద కూర్చున్న సబీనా చేతులు దురద పెట్టాయి. నిజంగానే పెట్టాయి. ఒడిలో అరచేతులు పెట్టుకుని, లేని కట్టర్‌ను కొంచెం బిగించి, ఒక చుట్టు తిప్పి, మళ్ళీ కొంచెం బిగించింది.

ఆ సాయంత్రం ఇంట్లో మాబున్నీ కూతురి ముఖం చూసి, కాలి నొప్పి మరిచిపోయి దిండు మీద లేచి కూర్చుంది. "ఏందే, కండ్లు అట్ల మెరుస్తాండాయి? యాడ తిరిగొచ్చినావు?" అంది. సబీనా రాగి గురించి మొదలుపెట్టి, అన్నం తింటూ చెప్పి, గిన్నెలు తోముతూ చెప్పి, వంటింట్లో నీళ్ళు కారే పాత ఏసీ కింద నిలబడి దాని మూత తీయబోతే తల్లి కేకేసి ఆపింది.

*

సోమవారం మధ్యాహ్నం వ్యాన్ సంధ్య వాళ్ళ బిల్డింగు ముందు ఆగితే సంధ్య కిందికి రాలేదు, వాళ్ళమ్మ సరళ వచ్చింది. చేతిలో నీలం కవరాల్ మడిచి పెట్టుకుని ఉంది.

ఆ ఆరుగురిలో మొదటి పేరు సంధ్యది, బళ్ళో ఫస్టు. మెట్‌పల్లి పక్కనుంచి వచ్చిన నాగేందర్, సరళల ఒక్కగానొక్క కూతురు. నాగేందర్ ధహ్రాన్‌లో మెయింటెనెన్స్ సూపర్‌వైజరు. వ్యాన్‌కు ఈ పిల్లలందర్నీ కుదిర్చి పెట్టింది ఆయనే కాబట్టి, మస్తాన్ వలీ సరళను చూడగానే ఇంజన్ ఆపి కిందికి దిగాడు.

విషయం ఏమిటంటే, సంధ్యకు హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్‌లో మెడికల్ ఎంట్రన్స్ కోచింగ్ మొదలైంది. సరిగ్గా ఏసీ క్లాసు వేళకే. కోచింగ్ మానడానికి వీల్లేదు. అలాగని సీటు వదులుకోవడానికీ సరళకు మనసొప్పలేదు. క్రెడిట్ అన్న మాట ఆమె చెవికి ఇంపుగా ఉంది. ఊరికే వచ్చేది, రెండు చోట్ల లెక్కకొచ్చేది, ఎందుకు పోగొట్టుకోవాలి?

"బిడ్డా, నువ్వు ఎట్లైన పోతున్నవ్ గదా" అంది సరళ, కవరాల్ సబీనా ఒళ్ళో పెడుతూ. "ఊకె స్టూలు మీద కూసునే బదులు మా సంధ్య డ్రెస్ తొడుక్కొని నిలబడు. పేరు పిలిస్తే ప్రెజెంట్ అను. నీకు పని వచ్చినట్టుంటది, దానికి క్రెడిట్ వచ్చినట్టుంటది. మన బళ్ళల్ల ఎవ్వరు చెయ్యనిదా ఏంది."

నిజమే, మన బళ్ళలో ఎవరూ చేయనిది కాదు. హాజరు పిలిచేటప్పుడు గొంతు మార్చి పక్కదాని బదులు పలకడం సబీనాకూ కొత్త కాదు. కాని ఇది వేరు. ఈ మాటకు కోపం రావాలని ఆమెకు తెలుసు. రావాల్సిన కోపం రాలేదు. ఒళ్ళోని నీలం గుడ్డ బరువుగా, కొత్తగా, ఇస్త్రీ వాసనతో ఉంది. జేబు మీద ఇంగ్లీషులో సంధ్య అని కుట్టి ఉంది. తప్పని తెలిసే తలూపింది, గుండె ఎగిరి గంతేస్తుంటే.

వ్యాన్ హైవే ఎక్కింది. మస్తాన్ వలీ అద్దం సరిచేసుకున్నాడు, అది సరిగ్గానే ఉన్నా.

"మనది కాని పేరుతో మనకేం పని సబీనా" అన్నాడు.

"పేరు ఎవురిదైతే ఏముంది నాయనా. నేర్సుకునేది నేనే కదా."

ఆయనకు కాదనాలని ఉంది, కాదంటే సరళమ్మ ఏమనుకుంటుందోనని ఉంది. ఆ రెండింటి మధ్య మనిషి స్టీరింగు పట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

ఆ రోజు పాఠం తాళంతో మొదలైంది. ప్రతి బల్లకూ ఒక కరెంటు స్విచ్చి, ప్రతి పిల్లకూ ఒక ఎర్ర తాళం, దానికి ఒకే చెవి, తాళానికి పేరు రాసిన అట్ట బిళ్ళ. మిషను మీద చెయ్యి పెట్టేముందు స్విచ్చి ఆపి, దానికి నీ తాళం వేసి, చెవి నీ జేబులో వేసుకోవాలి. లోపల నీ వేళ్ళు ఉండగా బయట ఎవరో తెలియక స్విచ్చి వేస్తే వేళ్ళు మిగలవు.

"ఎవరు వేసిన తాళం వాళ్ళే తీయాలి" అంది మాసూమా మిస్, ఒక్కొక్క ముఖాన్నీ చూస్తూ. "చెవి స్నేహితురాలి చేతికివ్వకూడదు. నాకూ ఇవ్వకూడదు. మీ తాళం నేను కూడా తీయను."

నాలుగో బల్ల దగ్గర సబీనా స్విచ్చి ఆపి, తాళం వేసి, చెవి జేబులో పడేసుకుంది. బిళ్ళ మీద సంధ్య అని ఉంది. ఒక్క క్షణం అదోలా అనిపించింది. అంతలో చేతికి కట్టర్ ఇచ్చారు, అంతే, అన్నీ మరిచిపోయింది.

మొదటి ముక్క వంకరగా తెగింది. రెండోది బాగానే తెగింది గాని నట్టు మరిచిపోయింది. మాసూమా మిస్ పక్కనుంచి పోతూ ఆ నట్టును వేలితో తట్టి, ఏమీ అనకుండా నవ్వి పోయింది. మూడో ముక్కకు సబీనా నట్టును ముందే నోట్లో పెట్టుకుంది, ఇక మరిచిపోయే పనే లేకుండా. రాగి అంచు మర కింద విచ్చుకుంటుంటే ఊపిరి బిగబట్టి చూసింది. గరాటు గుండ్రంగా, పగుళ్ళు లేకుండా వచ్చింది. దాన్ని కళ్ళద్దాల దాకా ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఇంతవరకు ఏ పరీక్ష పేపరూ ఆమెకు ఇలాంటి సంతోషం ఇవ్వలేదు.

మంగళవారం రెండు గొట్టాలు కలిపి రెండు పానాలతో బిగించడం నేర్చుకుంది, ఒక చేత్తో పట్టి, ఒక చేత్తో తిప్పి. మరీ బిగిస్తే అంచు చిట్లుతుంది, వదులైతే గ్యాసు పోతుంది, సరైన బిగువు చేతికే తెలియాలి. కవరాల్ చేతులు పొడుగై వేళ్ళకు అడ్డం పడుతుంటే పైకి మడిచి రబ్బరు బ్యాండు వేసుకుంది. హాజరు పిలిచినప్పుడు సంధ్య అనగానే "ప్రెజెంట్ మిస్" అనడం రెండో రోజుకే నోటికి అలవాటైపోయింది.

బుధవారం మాసూమా మిస్ బల్లలన్నీ తిరిగి, ఒక్కో అతుకునూ వేలితో తడిమి, నాలుగో బల్ల దగ్గర ఆగింది. అతుకు చుట్టూ తిప్పి చూసింది. ఎక్కడైనా కారుతుందేమో చూడడానికి ఆ గొట్టంలోకి నైట్రోజన్ గ్యాసు ఎక్కించమంది. మీటరు ముల్లు లేచి నిలబడింది. సబ్బు నీళ్ళు పూస్తే ఒక్క బుడగ కూడా రాలేదు. ఇది రేపటిదాకా ఇలాగే ఉండాలి, రేపు ముల్లు కదలకపోతే దీంతోనే మిషను నడుపుదాం, అందావిడ. ముల్లునూ, అతుకునూ, పక్కన వేలాడే పేరు బిళ్ళనూ కలిపి ఫోనులో ఫోటో తీసుకుంది.

తాళం అలాగే ఉంచి చెవి జేబులో వేసుకుని బయటికి వచ్చిన సబీనాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. వ్యాన్ ఎక్కి, నాయన భుజం పట్టుకుని ఊపేసింది. దారి పొడుగునా ఖర్జూరం తోటలు, చేపల మార్కెట్టు, సముద్రం, అన్నీ తనకోసమే ఎవరో ఆ సాయంత్రం కడిగి పెట్టినట్టున్నాయి.

ఇంటి దగ్గర దిగేటప్పుడు మాత్రం గుర్తొచ్చింది. కాలేజీలో పేర్లు గురువారం ఖాయం చేస్తారు. ఆ రోజు ఎవరి పేరుంటే కోర్సూ క్రెడిట్టూ వాళ్ళవే. వచ్చే యేడు తనకు బోర్డు పరీక్షలు, అప్పుడు బడి వాళ్ళు పంపరు. అంటే తనకు ఇదే మొదలు, ఇదే చివర.

*

గురువారం పొద్దున ప్రార్థన అయ్యాక ప్రిన్సిపాల్ మేడం మైకు దగ్గరే ఆగింది. కాలేజీ నుంచి వచ్చిన ఫోటోను తెర మీద వేయించింది. రాగి అతుకు తెరంత పెద్దదై మెరిసింది. దాని పక్కన ఎర్ర తాళం, బిళ్ళ మీద పేరు. ముప్పైమందిలో మన స్కూలు అమ్మాయి పని అందరికన్నా బాగుందని కాలేజీ మేడం స్వయంగా రాసిందనీ, మార్కులు చూసి ఎంపిక చేస్తే ఫలితం ఇలా ఉంటుందనీ చెప్పి, సంధ్యను వేదిక మీదికి పిలిచింది.

సంధ్య వెళ్ళింది. వెళ్ళక ఏం చేస్తుంది? చేతులు వెనక కట్టుకుని నిలబడింది. బడి మొత్తం చప్పట్లు కొట్టింది. మూడో వరుసలో నిలబడ్డ సబీనా కూడా కొట్టింది. పక్కవాళ్ళు కొడుతుంటే చేతులు వాటంతట అవే లేచాయి. తెర మీద అతుకు కింద, నట్టు అంచున, తన పానం జారి పడిన చిన్న గీత కూడా కనబడుతోంది. ఆ గీత ఎలా పడిందో ఈ గుంపులో తనకొక్కదానికే తెలుసు. అప్పుడు వచ్చింది, సోమవారం రావాల్సిన కోపం.

ఆ మధ్యాహ్నం వ్యాన్ ఆగితే సంధ్యే దిగి వచ్చింది, కవరాల్ తొడుక్కుని. పేర్లు ఖాయం చేసే రోజు మనిషి ఎదురుగా ఉండాలని సరళే కోచింగ్ మాన్పించి పంపిందట. సంధ్య ఎక్కి సబీనా వెనక సీట్లో కూర్చుంది. దారిలో మస్తాన్ వలీ అద్దంలో ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

సబీనా మళ్ళీ అబాయాతో, విజిటర్ బిళ్ళతో, తలుపు పక్క స్టూలు మీద కూర్చుంది. జేబులో చెవి అరచేతికి గుచ్చుకుంటోంది. సంధ్యకు ఇవ్వాలని వ్యాన్‌లోనే అనుకుంది. ఇవ్వకూడదని కదా చెప్పారు, అని మళ్ళీ తనే అనుకుంది.

మాసూమా మిస్ నేరుగా నాలుగో బల్ల దగ్గరికి పోయింది. ముల్లు నిన్న ఎక్కడుందో అక్కడే ఉంది, వెంట్రుకవాసి కూడా కదలలేదు. ఆవిడ చప్పట్లు చరిచి అందర్నీ దగ్గరికి పిలిచింది.

"సంధ్యా, యల్లా. నీ తాళం తీయి. నీ మిషను నువ్వే నడుపు."

ఇద్దరు లేచారు.

బల్లల మధ్య నుంచి సంధ్య ఒక అడుగు ముందుకు వేసింది. తలుపు పక్క స్టూలు మీంచి సబీనా లేచి నిలబడింది. ఎందుకు లేచిందని అడిగితే తనే చెప్పలేకపోయేది. మూడు రోజులుగా ఆ పేరు పిలిస్తే కదిలింది ఆ కాళ్ళే. చెవి కూడా జేబులోంచి చేతిలోకి వచ్చేసింది.

మాసూమా మిస్ ముందున్న పిల్లను చూసింది. వెనకున్న పిల్లను చూసింది. వెనకున్న పిల్ల చేతిలో చెవిని చూసింది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

మీలో సంధ్య ఎవరని అడిగింది. సంధ్య చెయ్యెత్తింది. తాళం ఎవరు వేశారని అడిగింది. సబీనా చెయ్యెత్తింది.

"ఇక్కడ మంటలొస్తే నేనేం చేస్తానో తెలుసా?" అందావిడ. గొంతు పెంచలేదు. "తాళాల మీద పేర్లు చూసి మనుషుల్ని లెక్కపెట్టుకుంటాను. సంధ్య కోసం పొగలో వెతుకుతాను. సంధ్య ఇంట్లో ఉంటుంది. నీ కోసం ఎవరూ వెతకరు. నువ్వు ఇక్కడ ఉన్నట్టే ఎవరికీ తెలియదు."

తలుపు వైపు చెయ్యి చూపింది. "ఖలాస్. ఇద్దరూ బయటికి."

*

వరండాలో ఇద్దరూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. సబీనాకు తిట్లు పట్టలేదు. ఎవరూ వెతకరు అన్న మాట చెవుల్లోంచి పోవడం లేదు. నాయన అద్దం సరిచేసుకుంటూ చెప్పబోయింది ఇదేనేమో, ఆయనకు మాటలు దొరకలేదంతే.

సంధ్య కవరాల్ బొత్తాలు విప్పడం మొదలుపెట్టింది.

"పొద్దుగాల నాకు చప్పట్లు కొడ్తుంటే ఎట్లైందో ఎరికేనా? ఒంటి మీద చీమలు పాకినట్టైంది. సూస్తే నువ్వుగూడ కొడ్తున్నవ్" అంది. "మా అమ్మకు వద్దని చెప్పలేకపోయిన. నాకు ఇందుల ఇష్టం లేదు సబీనా. గా నట్టేందో, గొట్టమేందో నాకు తెల్వది. నాకు డాక్టర్ కావాలని ఉన్నది. ఆ ముచ్చట మా అమ్మది కాదు, నాదే."

కవరాల్ మడిచి సబీనా చేతిలో పెట్టింది. "చెవి లోపలిచ్చేసి రా, పోదాం."

"ఇచ్చేదానికి ల్యా" అంది సబీనా.

సంధ్య అర్థంకానట్టు చూసింది.

"నేను ఏసిన తాళం. నేనే తీయాల. మిస్‌కి కూడా ఇయ్యకూడదు."

లోపల ముప్పైమంది నాలుగో బల్ల చుట్టూ నిలబడి ఉంటారు. ముల్లు నిలబడే ఉంటుంది. ఆ తాళం తీయనిదే ఆ మిషను తిరగదు. సబీనా పైట పిన్ను సర్దుకున్నట్టు విజిటర్ బిళ్ళను సర్దుకుని, తలుపు తట్టింది.

మాసూమా మిస్ తలుపు తీసి, మళ్ళీ నువ్వేనా అన్నట్టు చూసింది. సబీనా ఇంగ్లీషు మామూలుగా తడబడుతుంది. ఈసారి తడబడలేదు. నా పేరు సబీనా, మిస్. సంధ్య పేరుతో వచ్చింది నేనే, తప్పే. నాలుగో బల్ల తాళం నేను వేశాను. ఎవరు వేసింది వాళ్ళే తీయాలన్నారు. తీసి వెళ్ళిపోతాను.

చెవి ఆ అమ్మాయితో పంపొచ్చు కదా, అందావిడ.

"పంపకూడదన్నారు కదా మిస్" అంది సబీనా.

మాసూమా మిస్ తలుపు పూర్తిగా తెరిచి పక్కకు తప్పుకుంది.

సబీనా బల్ల దగ్గరికి నడిచింది. ఈ పని ఎలా చేయాలో సోమవారం చెప్పారు. అందర్నీ వెనక్కి జరగమంది. మిషను లోపల పనిముట్లేవీ లేవని చూసింది. వాల్వు తిప్పి నైట్రోజన్ మెల్లగా వదిలింది. ముల్లు సున్నాకు వచ్చి కూర్చుంది. చెవి తిప్పేముందు గట్టిగా చెప్పాలి, గది నలుమూలలా వినబడేలా.

"నాలుగో బల్ల. తాళం తీస్తున్నది సబీనా."

తాళం చిన్న చప్పుడుతో విడిపోయింది. ఆ పిల్ల చెవినీ తాళాన్నీ బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగింది. మాసూమా మిస్ దారికి అడ్డంగా నిలబడి ఉంది. చేతిలో ఒక ఖాళీ బిళ్ళ, ఒక నల్ల స్కెచ్ పెన్ను.

"పేరు రాయి" అంది.

తలుపు దగ్గర నిలబడ్డ సంధ్య అప్పుడు లోపలికి వచ్చింది. బళ్ళో ఫస్టు వచ్చే పిల్ల కదా, చెప్పదలచుకున్నది తడుముకోకుండా చెప్పింది. తనకు ఈ సీటు వద్దనీ, అది మొదటి రోజే చెప్పాల్సిందనీ, చేసిన తప్పులో సగం తనదేననీ. బడి వాళ్ళు మార్కులు చూస్తారు కదా అని ఎవరో గొణిగితే, పదో తరగతి మార్కులు గొట్టంలో గ్యాసు ఆపలేవు, అంది మాసూమా మిస్. పేర్లు పంపేది సాయంత్రం, పంపేది తను, మీ ప్రిన్సిపాల్‌తో మాట్లాడేదీ తనే. ఇంకోసారి ఎవరైనా ఇంకొకరి పేరు తొడుక్కుని ఈ షెడ్డులోకి వస్తే మాత్రం అదే చివరి రోజు.

తండ్రి ఒప్పుకోవాలి కాబట్టి గేటు దాకా నడిచారు. మాసూమా మిస్ ఇంగ్లీషులో మొదలుపెట్టి, అరబ్బీలో పూర్తి చేసింది. మస్తాన్ వలీకి రెండూ వచ్చు. అయినా ఆయన కూతురి వైపు తిరిగి తెలుగులో అడిగాడు.

"నీ పేరుతోనేనా?"

"నా పేరుతోనే నాయనా."

"అట్లయితే ఎన్నిసార్లు అడిగినా సరే అని చెప్పు" అన్నాడు. అని, వ్యాన్ వెనక్కి పోయి ఏదో తుడుచుకున్నట్టు నిలబడ్డాడు. ఆ ఆనందం కూతురికి కనబడకూడదని ఆయన అనుకున్నాడు గాని, భుజాలు దాచలేకపోయాడు.

ఇక మిగిలింది సరళ. సంధ్య వరండాలో నిలబడి ఫోను చేసింది. అవతలి గొంతు ఫోనులోంచి బయటికి వినబడింది కాసేపు. సీటు పోయె, పరువు పోయె, వచ్చే వారం నుంచి ఆ వ్యాన్‌ల ఆడమనిషి ఎవ్వరుంటరు, మాబున్నీ కాలు ఎప్పుడు మానాలె, అని. సంధ్య అన్నీ విని, "నేనుంట" అంది. "ఆడమనిషి ఒక్కలు కావాలె, అంతే గదా. స్టూలు మీద కూసొని కోచింగ్ వింట. ఇంట్ల కంటె ఈడనే నిమ్మలంగ ఉన్నది." ఆ తర్వాత సరళ అడిగిన ప్రశ్న ఒకటే, అక్కడ వైఫై మంచిగా వస్తదా అని.

సబీనా కవరాల్ తొడుక్కుంది. జేబు మీది సంధ్య పేరు మీద తెల్ల ప్లాస్టరు అతికించి, దాని మీద తన పేరు రాసుకుంది. పంపు పెట్టి గొట్టంలోని గాలంతా లాగేశారు. గ్యాసు లోపలికి ఎక్కించారు. స్విచ్చి వేయమని మాసూమా మిస్ కనుసైగ చేసింది. మిషను గుర్రుమంది, వణికింది, సర్దుకుంది. కాసేపటికి చల్లటి గాలి ముఖాలకు కొట్టింది. పిల్లలు ఒక్కసారిగా ఈలలు, కేకలు. సబీనా ఆ గాలి ముందు కళ్ళు మూసుకుని నిలబడిపోయింది. ఊళ్ళో ప్రతి గదిలోనూ ఉండే గాలే అది, కాని దీన్ని తను తెచ్చింది.

షెడ్డు మూసేముందు పేర్లు పిలిచి, ఒక్కొక్కరినీ లెక్కపెట్టి బయటికి పంపడం మాసూమా మిస్ పద్ధతి. లోపల ఎవరూ మిగలకూడదు. పిల్లలు వరుస కట్టారు. ఒక పేరు, ఒక "ప్రెజెంట్ మిస్", ఒక పిల్ల బయటికి. సబీనా బల్ల తుడిచి, కట్టర్‌ను దాని చోట్లో పెట్టి, వరుసలో నిలబడి అలవాటుగా సంధ్య అన్న పేరు కోసం చెవులు రిక్కించి ఎదురుచూస్తోంది.

"సబీనా."

ఎవరూ పలకలేదు. మాసూమా మిస్ తలెత్తింది. మళ్ళీ పిలిచింది.

తలుపు పక్క స్టూలు మీద, చెవిలో కోచింగ్ క్లాసు పెట్టుకుని, ఒళ్ళో బయాలజీ పుస్తకం తెరుచుకుని కూర్చున్న సంధ్య, చెవిలోది తీసి వెనక్కి తిరిగింది.

"ఓయ్, నిన్నే. పలుకు."